వంగే రేకు, పగిలే రేకు: మడత పనికి లోహం ఎంచుకోవడం

మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. బెండింగ్ మిషన్ పంచ్, అంటే రేకుని పైనుంచి నొక్కే పనిముట్టు, మెల్లగా కిందికి దిగుతోంది. తొంభై డిగ్రీలు రాకముందే 'టక్'మని చిన్న చప్పుడు. ముక్క బయటికి తీసి వేలితో తడిమితే మడత బయటి అంచు పొడవునా గరుకుగా తగిలింది. వెలుతురుకి తిప్పి చూస్తే వెంట్రుకంత సన్నని గీతలు, మధ్యలో ఒకచోట గోరు దిగేంత పగులు. రెండో ముక్కా అంతే. మూడోది మిషన్ మీద పెట్టనివ్వలేదు.

ఆ డ్రాయింగు గీసింది నేనే. 'అల్యూమినియం 6061-టీ6, మందం 3 మి.మీ., లోపలి రేడియస్ 1 మి.మీ.' అని రాశాను. లోపలి రేడియస్ అంటే మడత లోపలివైపు వంపు ఎంత గుండ్రంగా ఉండాలో చెప్పే కొలత. బ్రాకెట్టు బరువు మోయాలి కాబట్టి అల్యూమినియంలో గట్టి రకం కావాలనుకున్నాను. కేటలాగులో 6061-టీ6 గట్టిదని ఉంది. నా ఆలోచన అక్కడితో ఆగిపోయింది. మిషన్ దగ్గరున్న ఆపరేటర్ ముక్కని అటూ ఇటూ తిప్పి, "ఇది మిల్లింగుకి పోవాల్సిన సరుకు సార్, మడతకి కాదు" అన్నాడు. మిల్లింగు అంటే తిరిగే కట్టరుతో లోహాన్ని చెక్కే పని. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకు నిజమో అర్థం కావడానికి మాత్రం నాకు చాలా రోజులు పట్టింది.

రేకు పనులకి లోహం ఎంచుకునేటప్పుడు దాదాపు అందరం 'ఏది గట్టిది, ఏది తుప్పు పట్టదు, ఏది చవక' అనే మూడు ప్రశ్నలతో మొదలుపెడతాం. మడత ఉన్న పనికి వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ మందంలో, ఈ రేడియస్‌తో మడిస్తే బయటి పొర ఎంత సాగాలి? అంత సాగే ఓపిక ఈ రేకుకి ఉందా?

ఒక మందపాటి ఎరేజరు తీసుకుని, దాని పక్కవైపు పెన్నుతో నిలువు గీతలు గీసి వంచి చూడండి. బయటివైపు గీతలు దూరం జరుగుతాయి, లోపలివైపు దగ్గరకొస్తాయి. మధ్యలో ఎక్కడో ఒక పొర సాగదు, కుదించుకుపోదు. రేకులోనూ ఇదే జరుగుతుంది. బయటి పొర ఎంత సాగాలి అనేది లోహాన్ని బట్టి ఉండదు, అది ఉత్త లెక్క. లోపలి రేడియస్‌ని మందంతో భాగించి, దాన్ని రెట్టింపు చేసి, ఒకటి కలపండి. ఒకటిని ఆ వచ్చిన సంఖ్యతో భాగిస్తే బయటి పొర సాగుదల సుమారుగా వస్తుంది. రేడియస్ మందంతో సమానమైతే 33 శాతం. రేడియస్ మందానికి మూడు రెట్లయితే 14 శాతం. నా డ్రాయింగులో 3 మి.మీ. మందానికి 1 మి.మీ. రేడియస్, అంటే ఏకంగా 60 శాతం! ఆ రేకు అంత సాగుతుందా అని నేను అడగనే లేదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో 'ఎలాంగేషన్' అని, అంటే లాగితే తెగేలోపు ఎంత శాతం సాగిందో చెప్పే ఒక అంకె ఉంటుంది. మామూలు ఇనుప రేకుకి అది 30 శాతం దగ్గర్లో ఉంటుంది. మరి అదే రేకు మందంలో సగం రేడియస్‌తో, అంటే బయటి పొర 50 శాతం సాగేలా మడిచినా పగలకుండా ఎలా ఉంటుంది? ఎందుకంటే ఆ 30 శాతం అనేది 50 లేదా 80 మి.మీ. పొడవు మీద తీసిన సగటు. తెగబోయే చోట లోహం దానికంటే చాలా ఎక్కువ సాగుతుంది. కాబట్టి సర్టిఫికెట్ అంకెని నేరుగా మడతకి అన్వయించకూడదు. రెండు రేకుల్ని పోల్చుకోవడానికి ఒక ఆధారంగా తీసుకోవాలి, అంతే. అసలు తీర్పు ఆ గ్రేడుకి, ఆ టెంపర్‌కి, ఆ మందానికి ఇచ్చిన కనీస బెండ్ రేడియస్ పట్టికే ఇస్తుంది.

టెంపర్ అన్నాను కదా, అల్యూమినియంలో అసలు కథంతా అక్కడే ఉంది. గ్రేడు నంబరు తర్వాత గీత పెట్టి రాసే అక్షరం లోహం మెత్తనా గట్టినా అన్నది చెబుతుంది. 'ఓ' అంటే పూర్తిగా కాల్చి మెత్తబరచినది. 'హెచ్' అంటే చల్లగా ఉండగానే రోలింగుతో గట్టిపరచినది. 'టీ' అంటే వేడి చికిత్సతో గట్టిపరచినది. 6061నే తీసుకోండి. సుమారు 530 డిగ్రీల దగ్గర వేడి చేసి, నీళ్లలో ముంచి, మళ్లీ 160–175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే టీ6 వస్తుంది. లోపల మెగ్నీషియం, సిలికాన్ కలిసి అతిచిన్న కణాలుగా ఏర్పడి లోహపు పొరలు జారకుండా అడ్డుపడతాయి. గట్టిదనం అందువల్లే వస్తుంది. మడతకి కావాల్సింది మాత్రం ఆ పొరలు జారడమే. అదే 6061ని 'ఓ' టెంపర్‌లో కొంటే చక్కగా వంగుతుంది, కానీ బలం మూడో వంతు కూడా ఉండదు. మడిచాక వేడి చికిత్స చేయించాలి, అప్పుడు ముక్క వంకరపోయే ప్రమాదం ఉంది. చిన్న వర్క్‌షాపుకి ఇది తలకు మించిన పని.

గ్యాస్ మంటతో మడత గీత దగ్గర వేడి చేసి వంచే పద్ధతి ఒకటుంది. రేకు మీద సబ్బు రుద్ది, అది నల్లబడగానే మంట తీసేస్తారు. వంగుతుంది నిజమే. కానీ వేడి తగిలిన ఆ పట్టీలో టీ6 బలం పోతుంది. బ్రాకెట్టుకి ఎక్కువ భారం పడేది సరిగ్గా ఆ మూల దగ్గరే! బరువు మోసే భాగానికి ఈ పద్ధతి వద్దని గట్టిగా చెబుతాను. అలంకారానికి పెట్టే పట్టీలకైతే ఫర్వాలేదు.

మడత పనికి నా మొదటి ఓటు 5052-హెచ్32కి. దీనిలో రెండున్నర శాతం దాకా మెగ్నీషియం ఉంటుంది. ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల రేకుకి ఒకటిన్నర రెట్ల రేడియస్ ఇస్తే నిశ్చింతగా వంగుతుంది. 6061-టీ6కి అదే మందంలో కనీసం మూడు రెట్లు కావాలి. డబ్బాలు, మూతలు, డక్టుల్లాంటి బరువు లేని పనులకి 1100, 3003 గ్రేడులు ఇంకా సులువు, ఇంకా చవక. మన దగ్గర పాత దుకాణాల్లో 1100 తరహా సరుకుని ఇప్పటికీ 19000 అని, 3003ని 31000 అని పాత భారతీయ నంబర్లతో పిలుస్తారు. 2024, 7075 విమానాల కోసం పుట్టిన రకాలు. గట్టి టెంపర్‌లో వాటి జోలికి వెళ్లకండి.

ఇక ఇనుము. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు సరుకులు అమ్ముడవుతాయి. వేడిగా రోల్ చేసినది హెచ్ఆర్, దాన్ని మళ్లీ చల్లగా రోల్ చేసి మెత్తబరచినది సీఆర్. హెచ్ఆర్ మీద నీలిబూడిద రంగు పొలుసు ఉంటుంది. మడిచేటప్పుడు అది రాలి డైలో, అంటే రేకు కింద ఉండే అచ్చులో పడుతుంది, తర్వాతి ముక్కల మీద గుంటలు పడతాయి. పెయింటు కిందా నిలవదు. పొలుసు కడిగి నూనె రాసిన రకం దొరికితే కొంచెం ఎక్కువ పెట్టయినా అదే తీసుకోవడం మంచిది. రెండు మిల్లీమీటర్ల లోపు పనులకి సీఆర్ హాయి. ఐఎస్ 513 అనే భారతీయ ప్రమాణం ప్రకారం సీఆర్‌లో గ్రేడులున్నాయి. సీఆర్1 మామూలు వాడకానికి, సీఆర్2 డ్రాయింగు పనులకి (రేకుని అచ్చులోకి నొక్కి గిన్నెలా లోతు తెచ్చే పని), సీఆర్3 డీప్ డ్రాయింగుకి, సీఆర్4 ఇంకా లోతైన వాటికి. పాతవాళ్లు వీటినే ఓ, డీ, డీడీ, ఈడీడీ అంటారు. సాధారణ మడతలకి సీఆర్1 సరిపోతుంది. అంచుని పూర్తిగా మడిచి రేకు మీదికి అణిచేసే హెమ్మింగు ఉంటే సీఆర్2కో సీఆర్3కో వెళ్లండి. మందం ఎక్కువై ప్లేటు వాడితే ఐఎస్ 2062లోని ఈ250, ఈ350 గ్రేడులు వస్తాయి. ఆ అంకెలు లోహం లొంగే బలాన్ని చెబుతాయి. ఈ350 తీసుకుంటే రేడియస్ పెంచండి, మిషన్ మీదా భారం పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

'మన దగ్గరే వైజాగ్ స్టీల్ ఉంది కదా, రేకు కూడా అక్కడిదే తీసుకుందాం' అని కొందరు అడుగుతుంటారు. విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్ వంటి పొడవాటి సరుకు. రేకులు చేయదు. మనకి రేకు ఎక్కువగా బళ్లారి దగ్గరి తోరణగల్లు, బొకారో, రూర్కెలా, జంషెడ్‌పూర్ వంటి చోట్ల మిల్లుల నుంచి కాయిల్స్‌గా వస్తుంది. మధ్యలో ఎవరో దాన్ని సరిచేసి, షీట్లుగా కోసి అమ్ముతారు. కోసేటప్పుడు కాయిల్ మీది గ్రేడు స్టిక్కరు పోతుంది. మీ చేతికొచ్చే షీటు ఏ గ్రేడో చెప్పడానికి మిగిలేది టెస్ట్ సర్టిఫికెట్ ఒక్కటే. అందుకే అది అడిగి తీసుకోవాలి.

జీఐ రేకు అంటే ఇనుము మీద జింకు పూత. 275 జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి రెండువైపులా కలిపి 275 గ్రాముల జింకు, ఒక్కో వైపు దాదాపు 20 మైక్రాన్లు. 120 అయితే సుమారు 8 మైక్రాన్లు. పూత మందంగా ఉంటే ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ పదునైన మడత దగ్గర చిట్లుతుంది. రేడియస్ కనీసం మందమంత ఇస్తే చాలావరకు బాగుంటుంది. మడిచాక వెల్డింగు ఉంటే మాత్రం ఆలోచించండి. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఆ పొగ పీల్చిన వెల్డర్లకి చలిజ్వరం వస్తుంది. వెల్డింగు ఎక్కువున్న పనికి సీఆర్‌తో చేసి చివర్లో పూత వేయించడమే మేలు.

స్టెయిన్‌లెస్ స్టీల్ దగ్గర కాస్త ఆగాలి. హోటల్ వంటగదుల సింకులు, టిఫిన్ సెంటర్ల బల్లలు, ఆసుపత్రి ట్రాలీలు అన్నీ దీనివే. వీటిలో 304 అనే గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఎలాంగేషన్ 40 శాతం పైనే, కాబట్టి పగలదు. కానీ పగలకపోవడం వేరు, సులువుగా వంగడం వేరు. 304ని వంచుతున్నకొద్దీ అది గట్టిపడుతుంది. ఒకసారి మడిచాక కోణం తప్పిందని విప్పి మళ్లీ మడవబోతే వేరే లోహంతో పని చేస్తున్నట్టుంటుంది. దీన్ని కళ్లారా చూడొచ్చు. కొత్త 304 షీటుకి అయస్కాంతం దాదాపు అంటదు. అదే షీటుని బిగుతుగా మడిచి ఆ మూల దగ్గర పెట్టండి, కాస్త పట్టుకుంటుంది. మడిచేటప్పుడు లోహపు అమరికే కొంత మారిపోయి, అయస్కాంతానికి అంటుకునే గట్టి రూపంలోకి వెళ్లింది. మడత దగ్గర అంటుకుందని దుకాణదారు మోసం చేశాడనుకోకండి. అలాగే షీటుకి అయస్కాంతం అంటనంత మాత్రాన అది 304 అనీ నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202కీ, బజార్లో జే4 అని అమ్మే రకానికీ అంటదు. ఆ 200 సిరీస్ రకాలు ఇంకా గట్టిగా ఉంటాయి, మడిచాక ఇంకా ఎక్కువ వెనక్కి తెరుచుకుంటాయి, తుప్పుకి తక్కువ తట్టుకుంటాయి. లోపలి అలంకార పనులకి సరే. తడి, ఉప్పు, చింతపండు పులుపు తగిలే వంటగదికి 304నే వాడాలని నా పట్టుదల. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో బయట పెట్టే వస్తువైతే 2–3 శాతం మాలిబ్డినం ఉన్న 316 గురించి ఆలోచించండి. 430కి అయస్కాంతం అంటుతుంది, చవక, వెనక్కి తెరుచుకోవడం తక్కువ. పొడిగా ఉండే ప్యానెళ్లకి బావుంటుంది.

ఇనుప పనికి వాడిన డైల మీదే స్టెయిన్‌లెస్ మడిస్తే ఇనుప రజను దాని మీద అంటుకుపోతుంది. వారం తిరక్కుండా మడత వెంట గోధుమరంగు చుక్కలొస్తాయి. 304కే తుప్పు పట్టిందని కంగారుపడతారు గానీ తుప్పు పట్టింది ఆ రజనుకి. డై శుభ్రంగా తుడిచి, షీటు మీది ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంచే మడవాలి.

రాగి, మెత్తబరచిన 70–30 ఇత్తడి (70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు) మడతకి ఎంతో అనుకూలం. జింకు ఎక్కువున్న 60–40 ఇత్తడి చల్లగా మడిస్తే పగులుతుంది. రాగి, ఇత్తడి రెండూ దెబ్బలకి గట్టిపడతాయి. అందుకే బిందెలు కొట్టేవాళ్లు మధ్యమధ్యలో వేడి చేసి మళ్లీ మెత్తబరుస్తారు.

మడిచాక వెనక్కి తెరుచుకోవడాన్ని షాపుల్లో స్ప్రింగ్ బ్యాక్ అంటారు. 90 డిగ్రీలకి వంచి పంచ్ ఎత్తగానే మామూలు ఇనుము ఒక డిగ్రీ అటూ ఇటూగా తెరుచుకుంటే, 304 రెండు మూడు డిగ్రీలు తెరుచుకుంటుంది. లోహం ఎంత బలం దగ్గర లొంగుతుందో, దాని బిగువు (భారానికి ఊగకుండా నిలిచే గుణం) ఎంతో, ఈ రెండింటి నిష్పత్తే దీన్ని నిర్ణయిస్తుంది. అల్యూమినియం బిగువు ఇనుములో మూడో వంతే. అందుకే అంతే బలమున్న అల్యూమినియం ఇనుముకంటే ఎక్కువ తెరుచుకుంటుంది. రేడియస్ పెంచితే పగుళ్లు తగ్గుతాయి గానీ స్ప్రింగ్ బ్యాక్ పెరుగుతుంది. రెండూ ఒకేసారి తగ్గవు. గ్రేడు మారినా, ఒక్కోసారి లాటు మారినా కోణం మారేది ఇందుకే.

మిషన్ సంగతీ ముందే చూసుకోవాలి. ఎయిర్ బెండింగులో, అంటే రేకుని డై అడుగుకి తాకేదాకా నొక్కకుండా మడిచే పద్ధతిలో, లోపలి రేడియస్‌ని పంచ్ కంటే కింది డై వెడల్పే ఎక్కువగా నిర్ణయిస్తుంది. మందానికి ఎనిమిది రెట్ల వెడల్పు డై వాడితే, ఇనుముకి లోపలి రేడియస్ ఆ వెడల్పులో దాదాపు ఆరో వంతు వస్తుంది. 2 మి.మీ. రేకు, 16 మి.మీ. డై అయితే రేడియస్ సుమారు 2.6 మి.మీ. డ్రాయింగులో 1 అని రాసినా వచ్చేది అదే! ఈ మడతకి మీటరు పొడవుకి ఇనుముకైతే 17 టన్నులు, స్టెయిన్‌లెస్‌కి 25 దాకా, 5052కి ఎనిమిది తొమ్మిది టన్నులు కావాలి. నలభై టన్నుల మిషన్ మీద రెండు మీటర్ల ఇనుప రేకు వంగుతుంది, అదే కొలతల స్టెయిన్‌లెస్ వంగదు. ఆర్డరు ఒప్పుకున్నాక ఈ లెక్క తెలిస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. అంచు పొడవుకీ హద్దుంది. 16 మి.మీ. డై మీద 11 మి.మీ. కంటే చిన్న అంచు నిలవదు, డైలోకి జారిపోతుంది.

మందాన్ని గేజిల్లో చెప్పుకోవడం మానేయాలని నా గట్టి అభిప్రాయం. మన బజార్లో 16 గేజి అంటే 1.6 మి.మీ. అమెరికా ఉక్కు గేజి ప్రకారం 1.5. వాళ్ల అల్యూమినియం గేజి ప్రకారం 1.3 కూడా లేదు. అక్కడి డ్రాయింగులు హైదరాబాద్ షాపులకి వచ్చినప్పుడు ఈ చిన్న తేడాకే మడత కొలతలన్నీ తప్పుతాయి. మిల్లీమీటర్లలో రాయండి, రేకు వచ్చాక మైక్రోమీటరుతో కొలవండి. బరువు కోసం ఇనుము నుంచి అల్యూమినియంకి మారేవాళ్లు అదే మందం ఉంచేస్తుంటారు, అప్పుడు మూత అప్పడంలా ఊగుతుంది. 1 మి.మీ. ఇనుప రేకు బిగువు రావాలంటే అల్యూమినియం 1.45 మి.మీ. దాకా ఉండాలి. అప్పటికీ బరువు సగమే.

న్యూస్‌పేపరుని ఒకవైపు చింపితే తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు వంకరటింకరగా. రేకుకీ అలాంటి దిశ ఉంది. మిల్లులో రోల్ అయిన వైపు లోహం పోగుల్లా సాగి ఉంటుంది. మడత గీత ఆ పోగులకి అడ్డంగా ఉంటే పగులు త్వరగా రాదు, వాటి వెంట ఉంటే వస్తుంది. షీటు మీద సన్నగా కనిపించే గీతలే ఆ దిశ. రేకు మిగలకుండా ముక్కలన్నీ ఇరికించి కోసేటప్పుడు ఈ దిశ ఎవరికీ గుర్తుండదు. సగం ముక్కలు బాగా వంగి సగం పగలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. రెండువైపులా మడతలున్న ముక్కైతే ఏటవాలుగా అమర్చి కోయించండి. షీరింగులో (మిషన్ కత్తెరతో కోసేటప్పుడు) అంచుకి వచ్చిన పళ్లలాంటి గరుకు, అంటే బర్రు, మడత లోపలివైపు ఉండాలి. బయటివైపు ఉంటే పగులు మొదలయ్యేది ఆ పళ్ల దగ్గరే.

నా బ్రాకెట్టు సంగతికొస్తే, దాన్ని 5052-హెచ్32లో, 4.5 మి.మీ. లోపలి రేడియస్‌తో మళ్లీ గీశాను. బలం తగ్గింది కాబట్టి మందం 4 మి.మీ.కి పెంచుదామనుకున్నాను. దానికి బదులు రెండు పక్కలా చిన్న అంచులు మడిస్తే 3 మి.మీ.తోనే సరిపోయింది. షీటు రాగానే దాన్నుంచి అంగుళం వెడల్పున రెండు పట్టీలు కోశాం, ఒకటి పోగుల వెంట, ఒకటి అడ్డంగా. రెండిటినీ అదే డై మీద తొంభైకి మడిచి, భూతద్దంతో బయటి అంచు చూశాం. వెంట కోసిన పట్టీలో మడత గీత పోగులకి అడ్డంగా పడింది, అది నున్నగా ఉంది. అడ్డంగా కోసిన దాని మీద నారింజ తొక్కలా సన్నని గరుకు కనిపించింది, పగులు మాత్రం లేదు. ఆ రెండు పట్టీల మీద మార్కరుతో గ్రేడు, మందం, డై వెడల్పు, వచ్చిన కోణం రాసి మిషన్ పక్కన మేకుకి తగిలించాం. ఆ తర్వాతే మొదటి బ్రాకెట్టు డై మీద పెట్టాం.